పాట నోట్లో నానుతుంది, బాణీ కట్టినవారు గుర్తుకు రారు: టీవీ ఇంటర్వ్యూలు, సంగీత దర్శకుల గుర్తింపు

క్లుప్తంగా: సంగీత దర్శకుడి పని తెర మీద కనిపించదు. పాటకు ముఖం హీరోది, గొంతు గాయకుడిది. టీవీ ఇంటర్వ్యూ ఈ లోటు తీరుస్తుందని అనిపిస్తుంది. కానీ చాలా ఇంటర్వ్యూలు మనిషిని పరిచయం చేసి, పనిని పక్కన పెడుతున్నాయి. ఇందుకు కారణాలు విడుదల వేళల్లో, పాటల హక్కుల్లో, కార్యక్రమాల తీరులో ఉన్నాయి. హార్మోనియమో కీబోర్డో పక్కన ఉన్న కార్యక్రమాల సంగతి వేరు.

2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు, సంబరాల మధ్యే ఒక సందేహం బాగా తిరిగింది. పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. ఆడింది ఎన్టీఆర్, రామ్‌చరణ్. స్టెప్పులు ప్రేమ్ రక్షిత్‌వి. మరి అవార్డు కీరవాణి, చంద్రబోస్‌లకే ఎందుకు? జవాబు చిన్నదే. ‘ఒరిజినల్ సాంగ్’ విభాగం పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి ఉద్దేశించినది. పాడినవారికి, ఆడినవారికి అందులో వాటా లేదు. అయితే ఆ సందేహం అంతమందికి రావడం గమనించాల్సిన సంగతి. పాట అనగానే జనానికి గుర్తొచ్చే మనుషుల వరుసలో దాన్ని పుట్టించినవారు ఎక్కడో చివర ఉంటున్నారు.

## పాటకు ముఖం ఎవరిది

దర్శకుడు సందర్భం చెబుతాడు. సంగీత దర్శకుడు సిట్టింగ్‌లో కొన్ని ట్యూన్లు వినిపిస్తాడు. ఒకటి ఓకే అయ్యాక డమ్మీ మాటలతో గేయ రచయిత దగ్గరికి వెళ్తుంది. లేదంటే రాసి ఉన్న సాహిత్యానికే బాణీ కడతారు. కె.వి.మహదేవన్ ఈ రెండో పద్ధతికి పేరుపడ్డారు. ఆయనకు ముందు మాట, ఆ తర్వాతే స్వరం. అక్కడి నుంచి ట్రాక్, వాద్యాలు, గాయకుల గొంతు, మిక్సింగ్. ఇన్ని చేతులు దాటి తెర మీదికి వచ్చేసరికి చూసేవాళ్లకు మిగిలేది హీరో పెదవుల కదలిక, గాయకుడి గొంతు. రెండింటికీ సంగీత దర్శకుడితో పైకి కనిపించే సంబంధం ఏమీ లేదు.

రేడియో రోజుల్లో పరిస్థితి కాస్త నయం. 1957 అక్టోబరు 3న మొదలైన వివిధభారతిలో పాటకు ముందు ఒక వరుస ఉండేది: చిత్రం పేరు, రచన ఫలానావారు, సంగీతం ఫలానావారు, పాడినవారు ఫలానావారు. బొమ్మ లేదు కాబట్టి అందరి పేర్లూ ఒకే బరువుతో చెవిన పడేవి. పెండ్యాల, మాస్టర్ వేణు, సుసర్ల దక్షిణామూర్తి ఎలా ఉంటారో తెలియని శ్రోతలు కూడా వాళ్ల బాణీని రెండు లైన్లకే పట్టేసేవారు. టీవీలో పాట వచ్చాక ఆ సమతూకం పోయింది. కింద మూల పేరు పడినా కళ్లు హీరో మీదే ఉంటాయి. ఎఫ్‌ఎం రేడియో హడావుడిలో ఆ ప్రకటన కూడా పలచబడింది.

ఒకే మనిషి పాడుతూ బాణీ కూడా కడితే జనానికి ఏది గుర్తుంటుంది? ఘంటసాలను చూస్తే తెలుస్తుంది. ‘పాతాళభైరవి’ (1951) సంగీతం ఆయనదే. ‘మాయాబజార్’ (1957)కు సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నాక, మిగతాది పూర్తిచేసిందీ ఆయనే. ఈ రెండు సినిమాలతోనే సంగీత దర్శకుడిగా ఆయన చోటు ఖాయం. అయినా ఘంటసాల పేరెత్తితే మొదట వచ్చే మాట ‘గాయకుడు’. గొంతు గుర్తున్నంతగా బాణీ గుర్తుండదు.

## టీవీ వచ్చేసరికి ఆలస్యమైంది

పాత సంగీత దర్శకుల గురించి తెలుగు ప్రేక్షకులకు ఇంత తక్కువ తెలియడానికి ఒక కారణం కేవలం కాలక్రమం. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. ఘంటసాల 1974లోనే కన్నుమూశారు. దూరదర్శన్‌లో సినిమాకు దొరికిన చోటే తక్కువ. శుక్రవారం ‘చిత్రలహరి’ కోసం వారమంతా ఎదురుచూసిన రోజులవి. ఈటీవీ, జెమినీ లాంటి ప్రైవేటు ఛానెళ్లు వచ్చింది 1995లో. అప్పటికి పెండ్యాల (1984), రమేశ్ నాయుడు (1987), సత్యం (1989) వెళ్లిపోయారు. ‘మేఘసందేశం’ సంగీతానికి జాతీయ అవార్డు అందుకున్న రమేశ్ నాయుడు గంటసేపు కూర్చుని ఆ బాణీల గురించి చెప్పే కార్యక్రమం తీయగల ఛానెళ్లు వచ్చేనాటికి చెప్పడానికి ఆయన లేరు.

ఆ ఖాళీని పూరించింది ఎక్కువగా ఒక గాయకుడు. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం పిల్లలు పాడిన ప్రతి పాట దగ్గరా ఆగి, అది ఎవరి స్వరం, ఏ రాగం ఛాయలో ఉంది, రికార్డింగ్ నాడు ఏం జరిగింది అని చెప్పేవారు. తనకు తొలి అవకాశమిచ్చిన ఎస్.పి.కోదండపాణి పేరు ఆయన ఎత్తని సందర్భం అరుదు. మద్రాసులో పెట్టిన రికార్డింగ్ స్టూడియోకూ ఆ పేరే పెట్టారు. కోదండపాణి కూడా 1974లోనే పోయారు. టీవీ చూసిన తరానికి ఆయన తెలిసింది ప్రధానంగా బాలు మాటల ద్వారానే.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. గాయకుడు చెప్పే కథలో రికార్డింగ్ నాటి సంగతులు, సంగీత దర్శకుడి స్వభావం, ఒక్కో సంగతి (పాట పంక్తిని స్వరాలు మార్చి పాడే తీరు) కోసం పట్టిన పట్టు వస్తాయి. ట్యూన్ ఎన్ని మలుపులు తిరిగిందో, ఏ వాద్యాన్ని ఎందుకు తీసేశారో అంతగా రాదు, ఎందుకంటే ఆ దశలో గాయకుడు గదిలో ఉండడు. ఒక తరం స్వరకర్తలు మనకు గాయకుల కంటితోనే కనిపిస్తున్నారు.

## ఇంటర్వ్యూ ఎందుకు కబుర్లతో సరిపోతుంది

ఇప్పుడు ఆ కొరత లేదు. సంగీత దర్శకులు టీవీలో, యూట్యూబ్‌లో గంటల తరబడి మాట్లాడుతున్నారు. అయినా చివరికి ప్రేక్షకుడి దగ్గర మిగిలేది వాళ్ల బాల్యం, ఎదుర్కొన్న ట్రోల్స్, హీరోలతో అనుబంధం, ‘ఆ ట్యూన్ కాపీనా’ అన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబు. ఇది యాంకర్ల తెలివితక్కువతనం కాదు. మూడు చోట్ల చిక్కు ఉంది.

మొదటిది టైమింగ్. ఇంటర్వ్యూ ఏర్పాటు చేసేది చాలాసార్లు సినిమా పీఆర్ బృందం, అదీ విడుదలకు ముందు వారం పది రోజుల్లో. సరిగ్గా ఆ రోజుల్లోనే రీరికార్డింగ్ జరుగుతుంటుంది. ఎడిటింగ్ లాక్ అయితే తప్ప నేపథ్య సంగీతం మొదలుపెట్టలేరు. ఫైనల్ మిక్స్ దాటితే ముట్టుకోలేరు. షూటింగ్ ఆలస్యమైనా గ్రాఫిక్స్ ఆలస్యమైనా కోత పడేది ఈ చివరి గడువులోనే. హీరో హీరోయిన్లు ఖాళీగా ఉండి ఊళ్లు తిరిగే వారంలో సంగీత దర్శకుడికి నిద్ర ఉండదు. వస్తే అలసటతో వస్తాడు, లేదా అసలే రాడు. వచ్చినా కథ చెప్పకూడదు, విడుదల కాని పాట వినిపించకూడదు. ఇక మాట్లాడటానికి మిగిలేది హీరో గురించే.

రెండోది హక్కులు. పాట రికార్డింగ్ మీద హక్కులు మామూలుగా ఆడియో కంపెనీ చేతిలో ఉంటాయి. ఇంటర్వ్యూలో ఒరిజినల్ పాట ముక్క వేస్తే, ఆ వీడియో యూట్యూబ్‌లో ఎక్కగానే కాపీరైట్ క్లెయిమ్ (ఇది మా పాట అన్న హక్కుదారు ఫిర్యాదు) పడొచ్చు. యాడ్ డబ్బు అటు మళ్లుతుంది, లేదా వీడియోనే ఆగిపోతుంది. ఛానెల్ ఎందుకు రిస్క్ తీసుకుంటుంది? ‘రెండో చరణం ముందు వచ్చే ఫ్లూట్ బిట్ వినండి’ అని చూపించాల్సిన చోట సంగీత దర్శకుడు నోటితో ‘తననాన’ అని సరిపెడతాడు. పాట కట్టినవారే తమ పాటను వేసి వివరించలేకపోవడం ఈ ఏర్పాటులోని విచిత్రం.

మూడోది మాటల కొరత. నటుడి పని గురించి ఎవరైనా ప్రశ్న అడగగలరు. ఆ సీన్‌లో ఏడుపు ఎలా వచ్చింది అంటే చాలు. బాణీ గురించి అడగాలంటే పల్లవి ఎక్కడ ముగిసిందో, ఇంటర్‌లూడ్ అంటే ఏమిటో, తాళం ఎక్కడ మారిందో కాస్త తెలియాలి. తెలిసినా, సామాన్య ప్రేక్షకుడు ఛానెల్ మార్చేస్తాడన్న భయం. అందుకే చర్చ ‘ఈ పాట ఏ రాగం?’ దగ్గర మొదలై అక్కడే ఆగుతుంది. రాగం పేరు తెలిసినంత మాత్రాన పాట ఎందుకు బాగుందో తెలియదు. ఒకే రాగంలో గొప్ప పాటలూ ఉన్నాయి, ఎవరికీ గుర్తులేని పాటలూ ఉన్నాయి.

## హార్మోనియం ఉంటే ఏం మారుతుంది

మోహన రాగంలో స్వరాలు ఐదు: స రి గ ప ద. ఇందులో ‘గ’, అంటే గాంధారం, పై స్థాయిది: దాన్ని అంతర గాంధారం అంటారు. ఎవరైనా హార్మోనియం మీద ఆ ఐదూ పైకీ కిందికీ వాయించి, తర్వాత ఆ ఒక్క గాంధారాన్ని అర మెట్టు కిందికి దించి సాధారణ గాంధారం పెడితే అది శివరంజని అవుతుంది. మిగతా నాలుగు స్వరాలు ఉన్నచోటే ఉన్నాయి. పట్టిన సమయం పది సెకన్లు. కానీ వెలుగుగా వినిపించినది ఒక్కసారిగా దుఃఖంగా మారడం సంగీతం రానివాళ్లకూ తెలుస్తుంది. సంతోషపు పాటనే క్లైమాక్స్‌లో విషాదంగా తిప్పడం లాంటి పనుల వెనక ఎంత చిన్న మార్పు ఉండగలదో ఇలా చూపిస్తే చాలు. గంటసేపు మాట్లాడినా దీనికి సాటిరాదు, పైగా సొంతంగా వాయిస్తే రికార్డింగ్ హక్కుల చిక్కూ రాదు.

బయటి దేశాల అనుభవమూ ఇదే వైపు చూపుతుంది. 1954లో ఒక హాలీవుడ్ సినిమాకు నేపథ్య సంగీతం కట్టిన లెనార్డ్ బెర్న్‌స్టైన్‌ను అమెరికా ఇళ్లలో సొంత మనిషిని చేసింది ఆ సినిమా కాదు. 1958 నుంచి 1972 దాకా సీబీఎస్ టీవీలో పిల్లల కోసం ఆర్కెస్ట్రాను పక్కన పెట్టుకుని సంగీతాన్ని విడదీసి చూపించిన కార్యక్రమాలు. హాలీవుడ్ స్వరకర్త జాన్ విలియమ్స్‌కు 2024 నాటికి 54 ఆస్కార్ నామినేషన్లు ఉన్నాయి. అయినా జనం ఆయన్ను వారం వారం చూసింది 1980 నుంచి 1993 వరకు బోస్టన్ పాప్స్ ఆర్కెస్ట్రా ముందు నిలబడ్డ కండక్టర్‌గానే.

ఆండ్రే ప్రెవిన్ కథ ఇంకో రకం. సినిమా సంగీతానికి నాలుగు ఆస్కార్లు, ఆపైన లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా ప్రధాన కండక్టర్ పదవి. 1971 క్రిస్మస్‌కు బీబీసీలో మోర్‌కాంబ్, వైజ్ అనే హాస్య జంటతో ఒక స్కిట్ చేశారు. అందులో ఆయన పేరును కావాలనే ‘ప్రివ్యూ’ అని తప్పుగా పిలుస్తారు. అంతే, ఏళ్ల తర్వాత కూడా లండన్ టాక్సీ డ్రైవర్లకు ఆయన ‘మిస్టర్ ప్రివ్యూ’యే. టీవీ ఇచ్చే గుర్తింపు పని కొలతను బట్టి రాదు. ఏది కెమెరాకు బాగా పండితే దాన్ని బట్టి వస్తుంది.

## జడ్జి కుర్చీ బలం

మన దగ్గర సంగీత దర్శకుల ముఖాలు ఇంటింటికీ తెలియడంలో ఇంటర్వ్యూల కంటే పాటల పోటీల పాత్ర ఎక్కువ. 2004లో మొదలైన హిందీ ‘ఇండియన్ ఐడల్’తో అను మలిక్‌కు వచ్చిన టీవీ గుర్తింపు చూశాం. తెలుగులో కోటి జీ తెలుగు ‘సరిగమప’ జడ్జిగా, తమన్ 2022 నుంచి ఆహా ‘తెలుగు ఇండియన్ ఐడల్’ జడ్జిగా కొత్త ప్రేక్షకులకు దగ్గరయ్యారు. ఇంటర్వ్యూ ఒక్క రోజుతో అయిపోతుంది. జడ్జి వారం వారం వస్తాడు, నెలల పాటు వస్తాడు. పైగా పని కొంత కనిపిస్తుంది: శ్రుతి ఎక్కడ జారిందో, ఏ సంగతి తొందరపడిందో అప్పటికప్పుడు చెప్పాలి. ఆ చెవి ఎంత పదునైనదో ప్రేక్షకుడికి అర్థమవుతుంది.

అయితే అక్కడ కనిపించేది పాడటంపై తీర్పు చెప్పే నైపుణ్యం. బాణీ కట్టే నైపుణ్యం కాదు. ఎడిటింగ్ కూడా కన్నీళ్లను, పంచ్‌లను ముందుకు తెస్తుంది. ఇంతకీ అక్కడ అందరి దృష్టీ మళ్లీ గాయకుల మీదే. స్వరకర్తకు పేరు రావాలంటే గొంతుల పోటీలో కూర్చోవాల్సి రావడం, కోరుకున్న గుర్తింపేనా అన్నది అనుమానమే.

మాట కలిసే భాషా ఒక లెక్కే. ఇళయరాజా ‘సాగరసంగమం’, ‘రుద్రవీణ’ సంగీతాలకు జాతీయ అవార్డులు అందుకున్నారు. రెండూ తెలుగు సినిమాలే. అయినా తెలుగువారికి ఆయన పాటలు తెలిసినంతగా మాటలు తెలియవు, ఎందుకంటే ఎక్కువగా మాట్లాడింది తమిళంలో. కీరవాణిది మరో చిక్కు. తెలుగులో కీరవాణి, తమిళంలో మరకతమణి, హిందీలో ఎం.ఎం.క్రీమ్. మూడు పేర్లతో మూడు చోట్ల హిట్లు ఉన్నా, అవన్నీ ఒకే మనిషివని చాలామంది హిందీ శ్రోతలకు తెలిసింది 2023 అవార్డుల హడావుడిలోనే. ఆస్కార్ వేదిక మీద ఆయన ప్రసంగం చదవలేదు. తాను వింటూ పెరిగిన కార్పెంటర్స్ బృందం పాట బాణీలో తన మాటలు పెట్టి పాడారు. ఆ తర్వాత ఆ బృందంలోని రిచర్డ్ కార్పెంటర్ కుటుంబంతో కలిసి అదే పాటను ఆర్‌ఆర్‌ఆర్ బృందం కోసం మార్చి పాడి వీడియో పెట్టారు. వేదిక మీద కీరవాణి నిమిషంలోపు పాడిన ఆ ముక్క తిరిగినంతగా ఆయన పాత ఇంటర్వ్యూలేవీ తిరగలేదు.

## చట్టం లెక్క వేరు

జనం గుర్తింపు ఒకలా ఉంటే, చట్టం గుర్తింపు పూర్తిగా వేరేలా ఉంది. కాపీరైట్ చట్టం దృష్టిలో పాటకు కర్తలు సాహిత్యం రాసినవారు, స్వరం కట్టినవారు. గాయకుడు ప్రదర్శకుడు, అతని హక్కులు వేరే పద్దు కింద ఉంటాయి. 2012లో వచ్చిన సవరణ స్వరకర్తలకు, రచయితలకు ఇంకో రక్షణ ఇచ్చింది. థియేటర్లో సినిమాతో పాటు పాట ప్రదర్శించడం మినహా ఇతర వాడకాల మీద వచ్చే రాయల్టీలో తమ వాటాను వాళ్లు వదులుకుంటూ సంతకం చేసినా చెల్లదు. ఆ వసూళ్లు, పంపకాలు ప్రధానంగా 1969లో ఏర్పడ్డ ఐపీఆర్‌ఎస్ (ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) ద్వారా జరుగుతాయి.

ఈ తేడా తెలియకపోవడం వల్లే 2017లో ఇళయరాజా తన పాటలు కచేరీల్లో పాడటంపై ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యంకు లీగల్ నోటీసు పంపినప్పుడు పెద్ద గగ్గోలు పుట్టింది. ‘పాడింది బాలూనే కదా, ఆయన పాట ఆయన పాడుకుంటే తప్పేంటి’ అన్నది సగటు శ్రోత ప్రశ్న. స్నేహం సంగతి, పంపిన పద్ధతి సంగతి ఎలా ఉన్నా, చట్టం దృష్టిలో ఆ ప్రశ్న మొదలే తప్పు చోట ఉంది. టిక్కెట్టు పెట్టి చేసే కచేరీలో పాడినది ఎవరైనా, లైసెన్స్ లెక్క వెళ్లేది పాట కర్తల వైపు. టీవీ చర్చలు మాత్రం ఆ కొన్ని రోజులూ ఇద్దరు మిత్రుల తగాదాగానే నడిచాయి.

## ఇక ముందు

కొన్ని మార్పులు ఇప్పటికే కనిపిస్తున్నాయి. జాతీయ అవార్డుల్లో పాటలకు, నేపథ్య సంగీతానికి విడివిడిగా గుర్తింపు ఉంది. 2021 సినిమాలకు ఇచ్చిన అవార్డుల్లో పాటలకు ‘పుష్ప’తో దేవిశ్రీ ప్రసాద్, నేపథ్య సంగీతానికి ‘ఆర్‌ఆర్‌ఆర్’తో కీరవాణి నిలిచారు. అభిమానుల నోట ‘బీజీఎం’ (బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్, అంటే నేపథ్య సంగీతం) అన్న మాట మామూలైపోయింది. ఒకప్పుడు రీరికార్డింగ్ ఎవరు చేశారో పట్టించుకోని ప్రేక్షకుడు ఇప్పుడు టీజర్ వచ్చిన గంటలోనే దాని మీద తీర్పు చెబుతున్నాడు. ముఖం తెలిసినందుకు చెల్లించాల్సిన మూల్యం కూడా ఇదే: పాట ఆడకపోతే తిట్టడానికి ఇప్పుడు ఒక పేరుంది.

ఇంటర్వ్యూల వల్ల తేలుతున్న ఇంకో సంగతి ఆ పేరు వెనక ఉన్న పేర్లు. కీబోర్డ్ ప్రోగ్రామర్లు, అరేంజర్లు, వాద్యకారులు జనానికి తెలియరు. రాజ్-కోటి దగ్గర కీబోర్డ్ వాయించిన దిలీప్ అనే కుర్రాడే ఏ.ఆర్.రహమాన్ అయ్యాడన్న విషయం కోటి లాంటివారు టీవీలో పదే పదే చెప్పడం వల్లే ఇంతమందికి తెలుసు. రహమాన్ అంతటివాడు కాకపోయి ఉంటే ఆ పేరు ఎవరు ఎత్తేవారు? సంగీత దర్శకుడికి గుర్తింపు లేదన్న ఫిర్యాదు ఎంత నిజమో, అతని సహాయకుల విషయంలో అది అంతకు రెట్టింపు నిజం.

హక్కుల చిక్కు విడిపోయే దారి మాత్రం ఇంకా దొరకలేదు. ఆడియో కంపెనీలు తమ సొంత ఛానెళ్లలో మేకింగ్ వీడియోలు పెడుతున్నాయి. స్టూడియోలో డప్పు, నాదస్వరం ఎలా వాయించారో, ట్రాక్ మీద గొంతు ఎలా కలిపారో వాటిలో కొంత కనిపిస్తుంది. కానీ అవి ప్రచార చిత్రాలు. రెండు నిమిషాల్లో హీరో షాట్లతో ముగుస్తాయి, ఎదురు ప్రశ్న వేసేవారు ఉండరు. ప్రశ్న వేయగల ఛానెల్ దగ్గర పాట లేదు, పాట ఉన్న కంపెనీ దగ్గర ప్రశ్న లేదు. విడుదలై ఏడాది దాటిన పాటల్లోంచి కొన్ని సెకన్ల ముక్కలను సంగీత దర్శకుల ఇంటర్వ్యూలకు క్లెయిమ్ లేకుండా వదిలితే కంపెనీలకు పెద్దగా పోయేదేమీ లేదు. పాత పాట మళ్లీ వినికిడిలోకి వస్తే లాభపడేదీ వాళ్లే.